ఆముదం పూసిన అద్దాల మొగం

నన్ను ఆ గుండంలోకి తోసింది మేస్త్రీ కాదు, గని యజమానీ కాదు. నా నోరు. చిన్నప్పటి నుంచీ దానికొక జబ్బు ఉంది. ఎవరైనా "ఈ పని వచ్చునా?" అని అడిగితే, నేను ఆలోచించుకునే లోపలే అది "ఓ, బ్రహ్మాండంగా" అనేస్తుంది. తర్వాత ఆ పని నేర్చుకునే కష్టమంతా చేతులకూ కాళ్ళకూ పడుతుంది. నోటికేం, హాయిగా వక్కాకు నములుతూ కూర్చుంటుంది.

ఐదో తరగతిలో బడి మానేశాను. మానేశానని చెప్పుకోవడం మర్యాద కోసమే. మా పంతులుగారి నడకను ఆయనకన్నా బాగా నడిచి చూపిస్తుంటే పిల్లలంతా పడీపడీ నవ్వారు. ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది. వెనక్కి తిరిగితే ఆయన నిలబడి ఉన్నారు. ఆ తర్వాత నా చదువు కోయిలకుంట్ల దగ్గర ఒక రైతు బావి గట్టున, ఆయిల్ ఇంజను పక్కన సాగింది. ఇంజను పంతులులాంటిది కాదు. ఎంత వెక్కిరించినా కోపం తెచ్చుకోదు. దాని దగ్గూ, దాని ఎక్కిళ్ళూ, ఆగిపోయే ముందు తీసే మూలుగూ అన్నీ చెవితోనే పట్టేశాను. అదే బావిలో ఈతా నేర్చుకున్నాను. ఆడవాళ్ళు జారవిడిచిన బిందెలు మునిగి తీసిచ్చేవాణ్ణి.

నాకు ఇరవై ఏళ్ళు వచ్చేసరికి నేనూ మా అమ్మా బేతంచెర్ల చేరాం. నాన్న అప్పటికి లేడు. కర్నూలు రాజధాని అయిన రోజులవి. కచేరీలు గుడారాల్లో నడుస్తున్నాయని చెప్పుకునేవాళ్ళు. గుడారమైనా మేడైనా కాళ్ళ కింద బండ కావాలి కదా, మా నాపరాళ్ళకు గిరాకీ బాగుండేది. ఒక గనిలో ఇంజనుకు మనిషి కావాలని విని పోయాను. అక్కడి మేస్త్రీ ఒక చెవి మీద బీడీ, ఇంకో చెవి మీద పెన్సిలు పెట్టుకునే మనిషి. కోపం వస్తే పెన్సిలు నోట్లో పెట్టుకుని బీడీతో రాయబోయేవాడు.

"ఎంతవరకు సదివినావప్పా?" అన్నాడు.

"ఎనిమిది," అంది నా నోరు.

"ఇంగ్లీసు వచ్చునా? ఇంజనుకు బుక్కు ఒకటి ఉండాది. పోయినోడు దాన్ని సదవకుండా యాడ పొయ్యాల్సిన నూనె యాడనో పోసి పాడుచేసిపెట్టినాడు. సదివేటోడే కావాల మాకు."

"అదేం పెద్ద విద్య మేస్త్రీ! ఇయ్యండి ఇట్ల."

పుస్తకం నా చేతికిచ్చాడు. తెరిచి రెండు పుటలు తిప్పాను. ఒకచోట "ఊఁ" అన్నాను. ఇంకోచోట కనుబొమలు పైకెత్తాను. మూసి ఇచ్చేశాను. అంతే, ఉద్యోగం వచ్చింది. ఉద్యోగంతో పాటు కొట్టమూ వచ్చింది. అసలు సంగతి ఆ కొట్టమే.

నిలబెట్టిన బండలే దాని గోడలు, పడుకోబెట్టిన బండలే దాని కప్పు. ఎండాకాలం పెనం, చలికాలం గుహ. కానీ మా అమ్మకు నాన్న పోయాక దొరికిన మొదటి గడప అది. అంతవరకూ చుట్టాల పంచల్లో, ఇంకొకరి పొయ్యి ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తూ బతికిన మనిషి. వచ్చిన రోజే గడపకు పసుపు రాసి, వీపు గోడకు ఆనించి కూర్చుని, "ఈ కొట్టంలో నుంచి ఇంక నన్ను నలుగురు మోసకపోవాల్సిందే గానీ, నా కాళ్ళతో నేను పోయేది లేదు నాయనా," అంది.

నేను నవ్వాను గానీ, మేస్త్రీ చెప్పిన మాట నాకు గుర్తుంది. "ఇంజను ఎవని చేతిలో ఉంటే కొట్టం వానిది. ఇంజను పోయిన పూటనే కొట్టం ఖాళీ చెయ్యాల."

ఏడాది పాటు బాగానే గడిచింది. ఇంజనును చెవితో నడిపాను. ఎవరైనా వస్తుంటే పుస్తకం ఒళ్ళో పెట్టుకునేవాణ్ణి. అలవాటైపోయి, ఒక్కోసారి ఎవరూ రాకపోయినా పెట్టుకునేవాణ్ణి.

ఆ కార్తీకంలో ముసురు పట్టింది. మూడు రోజులు ఆగకుండా కురిసింది. మా పక్క అంత వాన ఎప్పుడో గానీ పడదు. పడితే మాత్రం బాకీ అంతా ఒకేసారి తీర్చేసి పోతుంది. గని గుంత నిండి గుండమైంది. గుండం అడుగున ఇంజను నీళ్ళు పీల్చే గొట్టం ఉంది. దాని చివర ఒక ఇనుప జల్లెడ బుట్ట. వానకు నానిన గని గోడ నుంచి ఒక బండ ఊడి, సరిగ్గా ఆ బుట్ట మీద పడింది. ఇంజను వేస్తే గాలి తప్ప చుక్క నీరు రావడం లేదు. పదిమంది తాడు కట్టి లాగితే గొట్టం మెడ దగ్గర కిరకిరమంది. ఊడితే ఇంక అంతే సంగతులు. కొత్త గొట్టం మద్రాసు నుంచి రావడానికి రెండు నెలలన్నారు. గుండం ఖాళీ అయితే గానీ రాళ్ళు కొట్టేవాళ్ళకు పని లేదు. అంతా గట్టు మీద గొంతుక్కూర్చుని నీళ్ళ వంక చూస్తున్నారు.

"లోపలికి దిగి బండను గడ్డపారతో ఎత్తాల. మునిగి పని చేసేదానికి ఎవురికొచ్చు?" అన్నాడు మేస్త్రీ.

నా నోరు ఏమని ఉంటుందో చెప్పనక్కర్లేదు.

రెండున్నర నిలువుల లోతు. దిగాను. బావిలో బిందె వెతకడం వేరు, చేతికి తగిలితే చాలు. ఇక్కడ బండ ఎక్కడ ఆనింది, గడ్డపార ఎక్కడ పెట్టాలి, అది కంటితో చూడాలి. నీళ్ళలో కళ్ళు తెరిస్తే అంతా చెరిపేసిన పలక. రెండు రోజులు దిగీ ఎక్కీ కళ్ళు చింతనిప్పులైనాయి. మేస్త్రీ యజమానికి చెప్పాడు. మద్రాసులో ఉన్న యజమాని బావమరిది సముద్రంలో మునిగేవాళ్ళు పెట్టుకునే వస్తువొకటి కొని, రైల్లో పంపించాడు.

పెట్టె విప్పాం. నల్ల రబ్బరు అంచు, ముందు గుండ్రటి అద్దం, తలకు తగిలించుకునే పట్టీ. కళ్ళూ ముక్కూ లోపలికి పోతాయి, నోరు బయట ఉంటుంది. మేస్త్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి "అద్దాల మొగం" అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. పెట్టెలో ఒక కాగితం కూడా ఉంది. ఇంగ్లీషు.

అయితే ముందు పూజ. మా గనిలోకి కొత్త సుత్తి వచ్చినా, కొత్త పార వచ్చినా, బొట్టు పెట్టి టెంకాయ కొట్టనిదే చేత్తో ముట్టరు. అద్దాల మొగాన్ని ఒక కొత్త బండ మీద కూర్చోబెట్టారు. అద్దానికి పసుపు రాశారు, నడిమధ్యన కుంకుమ బొట్టు పెట్టారు. అది దేవుడి మొహంలాగే ఉంది, కళ్ళు మాత్రం లేవు. టెంకాయ కొట్టి, హారతి ఇచ్చి, మేస్త్రీ కాగితం నా చేతిలో పెట్టాడు.

"సదువప్పా. ఎట్ల వాడాలంట?"

గనిలో ఉన్నవాళ్ళంతా చుట్టూ చేరారు. మా అమ్మ కూడా చీర చెంగు తడుముకుంటూ వచ్చి నిలబడింది. కొడుకు ఇంగ్లీషు చదువుతుంటే వినాలని. కాగితం నిండా చీమలబారు అక్షరాలు. అడుగున చిన్న బొమ్మ ఉందని తెలుసు, కానీ దాని వైపు చూడలేదు. చదువుకున్నవాడు బొమ్మలు చూస్తాడా? కళ్ళు పైవరస నుంచి కిందికి పోనిచ్చాను, మధ్యలో రెండుసార్లు ఆగాను, ఒకసారి తల ఆడించాను. ఏం చెప్పాలి? మా పక్క కొత్త వస్తువేదైనా ముందు ఆముదమే రాస్తాం. కొత్త చెప్పులకు ఆముదం, బండి ఇరుసుకు ఆముదం, పుట్టిన బిడ్డకు ఆముదం. ఇంగ్లీషువాడికి మాత్రం వేరే బుద్ధి ఎందుకుంటుంది?

"అద్దానికి లోపలి పక్క బాగా ఆముదం పట్టించాలంట," అన్నాను. "ఒక పూట ఎండలో పెట్టాలంట. అప్పుడు నీళ్ళు అంటవంట."

"చూస్తిరా," అన్నాడు మేస్త్రీ అందరి వంకా తిరిగి. "సదువంటే ఇదప్పా!"

ఆముదం మా అమ్మే తెచ్చింది. తన తలకు దాచుకున్న సీసా. బయటి పూజ పసుపు తుడవకుండానే, లోపలి పక్క దాన్ని మెరిసేదాకా రుద్దాను.

మర్నాడు దిగాను. పైన ఉండగా అంతా బాగుంది, కాస్త పచ్చగా ఉంది, అంతే. నీళ్ళలో తల ముంచి ముక్కుతో రెండు ఊపిరులు విడవకముందే అద్దం లోపల మబ్బు కమ్మింది. ముందు పాలు, తర్వాత మజ్జిగ, తర్వాత మాఘమాసం పొద్దున కనిపించే మంచు. ఉత్త కళ్ళతో దిగినప్పుడు కనీసం నీడలన్నా కనబడేవి. ఇప్పుడు నా తలను ఎవరో సున్నపు కుండలో దూర్చినట్టుంది. ఆముదానికి రబ్బరు జారి నీళ్ళు కూడా లోపలికి వచ్చాయి. పైకి లేచాను.

"ఏం కనపడె?" అన్నాడు మేస్త్రీ.

"ఆముదం," అన్నాను.

అందరూ నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు. "సరిగ్గ పట్టలేదేమో. ఇంగా రాయి."

ఇంకా రాశాను. చెప్పినవాణ్ణి నేనే కదా, వద్దని ఎలా అంటాను? మళ్ళీ దిగాను. ఈసారి గొట్టం పట్టుకుని, తడుముకుంటూ అడుగు దాకా పోయాను. కుడిచెయ్యి బండ కింద పెట్టి బుట్ట కోసం వెతుకుతున్నాను. నేను తగిలానో, నీళ్ళే కదిలాయో, బండ ఒక అంగుళం కూర్చుంది. నా నాలుగు వేళ్ళూ దాని కింద ఉన్నాయి.

నొప్పి కాదు ముందు తెలిసింది. కదలవని తెలిసింది. లాగాను, రాలేదు. ఎడమచెయ్యి ఎక్కడ ఆనించాలో కనబడలేదు. ముఖం ముందు తెల్లటి గోడ, అది నా ఊపిరితో నేనే కట్టుకున్న గోడ. పైన వెలుతురు ఉందనీ, అరవైమంది గట్టు మీద ఉన్నారనీ తెలుసు. వాళ్ళెవరికీ నేను కనబడను, నాకు నా వేళ్ళే కనబడడం లేదు. ఛాతీలో గాలి అయిపోతోంది. నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, అప్పుడు కూడా నా బుర్రలో మెదిలింది చావు కాదు. "కాగితం వేరేవాళ్ళతో చదివిస్తారు, అమ్మ గడప బయట ఉంటుంది," అని. రెండు కాళ్ళూ బండకు తన్ని, తలను వెనక్కి విరిచి గుంజాను. చెయ్యి వచ్చింది. రెండు గోళ్ళు రాలేదు.

గట్టు మీద పడుకుని దగ్గుతుంటే మేస్త్రీ నా చేతి వంక చూసి, పెన్సిలు నోట్లో పెట్టుకున్నాడు.

"ఏమప్పా, ఆ కాగితంలో నిజంగా ఆముదమనే ఉండాదా?"

"ఉండాది మేస్త్రీ."

"అయితే ఒక పని చేస్తాం. ఎల్లుండి యజమాని వస్తాడు. ఆయనకు ఇంగ్లీసు బాగా వచ్చు. ఆయనతో ఒగసారి సదివిస్తాం. అంతలోపల రేపు ఇంగోసారి దిగు."

మా అమ్మ నా చేతికి పసుపు అద్ది గుడ్డ కట్టింది. కొట్టం గోడ బండలు నాలుగు వైపులా దగ్గరికి జరిగినట్టు అనిపించింది. రేపు దిగితే గుండం పట్టుకుంటుంది. దిగకపోతే ఎల్లుండి కాగితం పట్టుకుంటుంది. పారిపోదామంటే, గడపకు ఆనుకుని అమ్మ కూర్చుని ఉంది. నాకున్న దారి ఒకటే, యజమాని వచ్చే లోపల ఆ కాగితం ఎవరితోనైనా చదివించుకోవడం. అద్దాల మొగం కండువాలో చుట్టుకుని, కాగితం జేబులో పెట్టుకుని సాయంత్రం రైల్వే స్టేషనుకు పోయాను. స్టేషను మాస్టరుకు ఇంగ్లీషు వస్తుంది కదా.

ఆయన లేడు. ప్లాట్‌ఫారం చివర లాంతర్లు తుడిచే ముసలాయన ఉన్నాడు. సిగ్నలు దీపాలకు నూనె పోసి, చిమ్నీలు కడిగి, పొద్దు గూకే లోపల వెలిగించడం ఆయన పని. నేను బండల లోడు దగ్గరికి పోయినప్పుడల్లా ఆయన గడ్డం మీద ఒక పరాచికం ఆడేవాణ్ణి. ఆయన నా మీద రెండు ఆడేవాడు.

"ఏం బేటా, ఈరోజు నోరు మూసుకోని వచ్చినావు? పండ్లు నొస్తాండాయా?"

"చిచ్చా, నీకు ఇంగ్లీసు వచ్చునా?"

"నాకు తెలుగే రాదు. నువ్వు ఎనిమిది సదివినావంట గదా, స్టేషనంతా చెప్పుకుంటాండారు."

ఎందుకో తెలియదు, ఆయనతో అబద్ధం ఆడబుద్ధి కాలేదు. గుడ్డ కట్టిన చెయ్యి నొప్పి పెడుతున్నందుకేమో. "ఐదు," అన్నాను. "అది గూడా సగం." తర్వాత మొత్తం చెప్పేశాను. ఆముదం దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతిలోని చిమ్నీ కింద పెట్టేశాడు, పగిలిపోతుందని. అంతగా నవ్వాడు.

"ఏదీ, ఆ కాగితం ఇట్ల తే."

"నీకు రాదంటివి గదా!"

"రాకపోతే? కండ్లు ఉండాయి గదా." కాగితాన్ని ఎండకు పట్టుకుని, అడుగున ఉన్న బొమ్మ మీద నల్లటి వేలు పెట్టాడు. "ఇది ఏంది?"

అప్పుడు చూశాను. ఒక మనిషి ముఖం. ముందుకు పొడుచుకొచ్చిన పెదాలు. పెదాల కింద మూడు చుక్కలు. చుక్కల కింద వెల్లకిలా పెట్టిన అద్దాల మొగం.

"ఉమ్ముతాండాడు బేటా," అన్నాడు ముసలాయన. "సదువు రానోడు బొమ్మ చూస్తాడు. నువ్వు సదవతా కూర్చుంటివి, నీకెట్ల కనపడతాది?"

అద్దాల మొగం తీసుకుని, లోపల 'హా' అని ఊదాడు. ముద్దగా మబ్బు పట్టింది. తల ఆడించాడు. కొత్త చిమ్నీ కూడా అంతేనట. చేసినచోట దానికి కంటికి కనబడని జిడ్డు ఒకటి అంటుకుని ఉంటుందట. వత్తి వెలిగించగానే లోపల చెమట పడుతుంది, ఆ చెమట జిడ్డు మీద చుక్కలు చుక్కలుగా నిలబడుతుంది. జిడ్డు పోతే నీరు చుక్క కట్టదు, పల్చగా పరుచుకుని పోతుంది. "ఉండే జిడ్డు చాలదని నువ్వు ఆముదం గూడా పోసినావు. షాబాష్!"

"మా బండలు నున్నగా చేసే పొడి ఉండాది చిచ్చా, దాంతో రుద్దేదా?"

"రుద్దు. గీతలు పడి అద్దం బండ అయితాది. మీ కర్నూలు కచేరీలో పరుచుకోవచ్చు."

ముందు సబ్బు నీళ్ళతో ఆముదం వదిలించాడు. పసుపు మాత్రం రబ్బరు అంచు సందుల్లో ఇప్పటికీ పోని మరకగా మిగిలింది. తర్వాత ఒక డబ్బా తీశాడు. పలుచటి గుడ్డలో జల్లించిన కట్టెల బూడిద, నలుసు లేకుండా, గంధం అంత మెత్తగా ఉంది. దాన్ని నీళ్ళతో ముద్ద చేసి, బొటనవేలి గుజ్జుతో అద్దం లోపల చుట్టూ చుట్టూ రుద్దాడు. మూలల్లో రబ్బరు కలిసేచోట ఇంకా ఎక్కువసేపు. కడిగాడు. ఊదాడు. మబ్బు. మళ్ళీ బూడిద. మళ్ళీ కడిగాడు. నాకు ఇచ్చి రుద్దమన్నాడు. ఎడమచేత్తో రుద్దాను. నాలుగోసారి ఊదితే మబ్బు పట్టీ పట్టనట్టు పట్టి, చూస్తుండగానే అంచు నుంచి కరిగిపోయింది.

"ఇది సగం," అన్నాడు. "మిగతా సగం నీళ్ళలో దిగే ముందు చెయ్యాల. లోపల ఉమ్మి, వేలితో అంతా పూసి, ఒగేఒగసారి నీళ్ళలో ముంచి తియ్యి. తుడవొద్దు. మళ్ళ వేలు పెట్టొద్దు. వెంటనే మొగానికి పెట్టుకో. ముక్కుతో ఊపిరి ఇడవొద్దు." చివరకు నా దవడ వంక చూసి, "ముందు ఆ వక్కాకు ఉమ్మెయ్యి. లేకపోతే ఎర్రగా కనపడతాది ప్రపంచం," అన్నాడు.

నేను లేచి, మళ్ళీ కూర్చున్నాను. "చిచ్చా, దానికి పూజ చేసినారు. టెంకాయ కొట్టినారు. అందరి ముందర దాంట్లో ఎట్ల ఉమ్మేది? ఎంగిలి చేసినానని నన్నే గుండంలో పూడుస్తారు. అదీగాక, ఉమ్మితే నేను నిన్న సదివింది అబద్ధమని తెలిసిపోతాది."

ఆయన దీపం ఒకటి వెలిగించాడు. చిమ్నీ పెట్టాడు. మసక లేదు.

"నాకు దీపాల సంగతే తెలుసు బేటా," అన్నాడు.

మర్నాడు పొద్దున గుండం దగ్గర అందరూ చేరారు. మేస్త్రీ రెండు చెవులూ ఖాళీ. బీడీ, పెన్సిలు రెండూ నోట్లోనే ఉన్నాయి. నేను నీళ్ళ అంచున కూర్చున్నాను. గడ్డపార పక్కన పెట్టుకున్నాను. అద్దాల మొగం ఒళ్ళో ఉంది. ఆముదం సీసా మేస్త్రీయే నా ముందుకు జరిపాడు.

ఆ సీసాలోది అద్దానికి రాసుకుని దిగొచ్చు. అప్పుడు కొట్టం రేపు యజమాని వచ్చేదాకా మాదే. కింద ఆ బండ ఉంది, అది ఇంకొక అంగుళం కూర్చుంటుంది. నిన్నటి తెల్లటి గోడ కళ్ళ ముందుకు వచ్చింది. నాకు నోరు ఎండిపోయింది. ఉమ్మడానికి కూడా తడి లేదు. జీవితంలో మొదటిసారి నా నోరు నాకు ఉపయోగపడాల్సిన రోజున అది ఎండిపోయి కూర్చుంది! దోసిటితో గుండం నీళ్ళు తీసుకుని పుక్కిలించాను. ఉమ్మాను. అద్దం లోపల, అందరూ చూస్తుండగా.

గట్టు మీద గోల లేచింది. "ఏందిరా అది!" "పూజ చేసిందానిలో ఎంగిలా!" మేస్త్రీ నోట్లోంచి పెన్సిలు కింద పడింది.

"ఏం చేస్తాండావురా? కాగితంలో అట్ల ఉండాదా?"

"ఉండాది మేస్త్రీ."

"మొన్న ఆముదమంటివి గదరా!"

"మొన్న నేను సదవలేదు," అన్నాను. "నాకు రాదు. ఇంగ్లీసు అక్షరం ఒగటి గూడా రాదు. ఇంజను బుక్కు గూడా ఎప్పుడూ సదవలేదు. ఐదులోనే బడి ఇడిసిపెట్టినా."

నాకు నేనే వినబడుతున్నాను. వెనక్కి తిరిగి మా అమ్మ మొహం చూడలేదు. మేస్త్రీ నా చేతిలోది లాక్కోబోయాడు. అప్పుడు గట్టు మీది నుంచి అమ్మ గొంతు వినబడింది. ఎక్కువ పెద్దగా కాదు.

"ఉమ్మితే ఏమాయ మేస్త్రీ? మీ ఇంట్లో పిల్లోనికి దిష్టి తీస్తే మూడుసార్లు థూ థూ థూ అని ఉమ్మరా? పూజ అయినాక దిష్టి తియ్యరా యాడన్నా? ఉమ్మనీ."

అందరూ ఒక క్షణం ఆలోచించారు. అందరి ఇళ్ళల్లోనూ పిల్లలు ఉన్నారు. ఒక ముసలామె "అదీ నిజమే," అంది. ఇంకొకాయన "మూడుసార్లు ఉమ్మినాడా?" అని అడిగాడు. ఒకసారే ఉమ్మాను. ఇంకో రెండుసార్లు ఉమ్మాను. వేలితో అంచుల దాకా పూశాను. ఒకేఒకసారి నీళ్ళలో ముంచి తీశాను. పెట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగాను.

నేను ఏడాది పాటు ఆ గనిలో తిరిగాను. ఆ రోజే దాన్ని చూశాను. గోడల నిండా ఉలి గాట్లు, ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్నాయి. అడుగున ఎవరో మరిచిపోయిన సుత్తి. ఒక కాలి చెప్పు. నీటి గుండా దిగిన ఎండ బండల మీద వల వేసినట్టు కదులుతోంది. గొట్టం అలా పోయి, ఇనుప బుట్ట దగ్గర ఆగింది. బండ ఎక్కడ ఆనిందో, దాని ఎడమ మూల కింద గడ్డపార పట్టేంత సందు ఎక్కడుందో కనబడింది. నిన్న నేను చెయ్యి పెట్టింది దానికి సరిగ్గా ఎదురు మూలన. బండ అంచుకు నా గోరు ఒకటి అతుక్కుని ఉంది. దాన్ని చూసి పైకి వచ్చి గాలి పీల్చుకుని, గడ్డపారతో మళ్ళీ దిగాను. మూడోసారికి బండ పక్కకు ఒరిగింది. గొట్టానికి కట్టిన తాడు కదిలించాను. పైన లాగారు. బుట్ట లేచింది.

ఇంజను మధ్యాహ్నానికల్లా నీళ్ళు పట్టింది. దాని దగ్గు వినగానే బాగుందని తెలిసిపోయింది. పుస్తకం అక్కర్లేదు.

పొద్దు వాలుతుండగా మేస్త్రీ కొట్టం దగ్గరికి వచ్చాడు. అమ్మ అప్పటికే రెండు మూటలు కట్టి గడప పక్కన పెట్టింది. తాను మాత్రం గడపకు ఆనుకునే కూర్చుంది. ఆయన మూటల వంక చూశాడు, పెన్సిలు చెవి మీద సర్దుకున్నాడు.

"రాజంపేట పక్కోడు ఒగడు మొన్న పని అడిగి పోయినాడు, వానికి కబురు పంపినా. ఇంగ్లీసు వచ్చంట. ఇంజను వానికి అప్పగియ్యి."

"సరే మేస్త్రీ."

"వాడు బుక్కు సదివితే గానీ ఇంజను ముట్టడంట. గుండం సంగతి అడిగితే ఈత రాదన్నాడు." మూటల వైపు చెయ్యి చూపించాడు. "ఆ మూటలు ఇప్పమను అమ్మను. కొట్టం గుండంలో దిగేటోనిది. ఎప్పుడు దిగమంటే అప్పుడు దిగాల. ఊరికి పోతా, చుట్టం దగ్గరికి పోతా అంటే కుదరదు. వాన పడితే నువ్వు ఈడనే ఉండాల. ఏమప్పా?"

నా నోరు ఏమీ అనలేదు. తలే ఊగింది.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ గుండం నన్ను వదల్లేదు. జల్లెడ బుట్టలో గడ్డి ఇరుక్కున్నా, ఎవరి సుత్తి పడినా, ఎవరి మేకపిల్ల పడినా నేనే. పసుపు అంచు అద్దాల మొగం మేకుకు తగిలించి ఉండేది, కొట్టంలో మూడో మనిషిలాగా. నా ఈడు వాళ్ళు కర్నూలుకు, కడపకు, ఇంకా దూరాలకు పోయారు. నన్నడిగితే "నాకు బేతంచెర్లలో సముద్రం ఉండాది, యాడికి రావాల?" అనేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు. వాన మా పక్క తక్కువే. అయినా ఏ రోజు పడుతుందో తెలియని వాన, రోజూ పడే వానకన్నా గట్టిగా కట్టేస్తుంది మనిషిని.

తూర్పున మబ్బు నల్లబడడం ముందు అమ్మకే కనబడేది. లేచి, పొయ్యిలో చల్లారిన బూడిద తీసి, నాన్న పాత పంచెగుడ్డలో వేసి జల్లించడం మొదలుపెట్టేది. అది చూసి నేను నోట్లో వక్కాకు ఉమ్మేసి, పుక్కిలించి, నోరు మూసుకుని గడప లోపల కూర్చునేవాణ్ణి.